ఊరి లందలో ఊనిన నాటు మేకతోలు: రంపె పెట్టి కోసి చూస్తే

వరంగల్ జిల్లాలో ఒక ఊరి చివర నడుస్తున్న చిన్న లంద (పచ్చితోళ్ళను ఊనే, అంటే పదును చేసే చోటు) నుంచి వచ్చే సరుకు ఇది. తంగేడు చెక్కతో (బెరడుతో) ఊని, కరక్కాయ నీళ్ళు పట్టించి, కానుగ నూనె రాసి, నీడన ఆరబెట్టిన మేకతోలు. కట్టకు 12 తోళ్ళు. పచ్చితోలు పట్టుకెళ్ళి ఇస్తే కూలికి ఊని కూడా ఇస్తారు. అమ్మేటప్పుడు రెండు మాటలు గట్టిగా చెబుతున్నారు. మందుల్లేని (రసాయనాలు వాడని) తోలు అన్నది ఒకటి, నాటు మేకల జాతిని నిలబెట్టే తోలు అన్నది రెండోది. సరుకు బాగుంది. చెప్పుల పైపట్టీలకూ చేతిసంచులకూ నమ్మి తీసుకోవచ్చు. మొదటి మాట చాలావరకు నిజం. రెండో మాట మాత్రం ఇంకా సగం దారిలోనే ఉంది.

కట్ట విప్పగానే ఎండిన చెక్క వాసన, దాని వెనక సన్నగా కానుగ నూనె వాసన. కుళ్ళు వాసన ఎక్కడా లేదు. వీపు దగ్గర రంపె (తోలు కోసే కత్తి) పెట్టి వేలెడు ముక్క కోస్తే, అంచు పైనుంచి కిందిదాకా ఒకే లేత గోధుమ రంగు. మందం 1 మిల్లీమీటరుకు అటూఇటూ. వెంట్రుక వైపు వేలితో రాస్తే వరసలు వరసలుగా సన్నటి రంధ్రాలు తగులుతాయి, గొర్రెతోలులా జారిపోదు. ముఖం (వెంట్రుక ఉన్న వైపు) బయటికి వచ్చేలా రెండు మడతలు వేసి గట్టిగా నొక్కినా చిట్లలేదు. 12లో 9 తోళ్ళు ఇలాగే ఉన్నాయి.

మిగతా 3 తోళ్ళ సంగతి వేరు. రెండింటిలో మెడ దగ్గర కోస్తే అంచు మధ్యలో దారమంత తెల్లగీత. అంటే రసం అక్కడిదాకా పోలేదు, నడుమ ఇంకా పచ్చితోలే. అనుమానం ఉంటే ఆ ముక్కను వెనిగర్‌లో ఒక గంట నానబెట్టండి. ఊనిన భాగం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, పచ్చిభాగం ఉబ్బి అద్దంలా మెరుస్తుంది. ఇలా ఎందుకవుతుందంటే, తోలును మొదటిరోజే చిక్కటి రసంలో వేస్తే పైపొర వెంటనే బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఎన్ని రోజులు ముంచినా రసం లోపలికి దిగదు. పోతుమేక మెడ మిగతా తోలుకన్నా మందం, అందుకే తేడా ముందు అక్కడే బయటపడుతుంది. ఒకసారి వాడేసిన పల్చటి పాత రసంతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి చిక్కదనం పెంచుకుంటూ పోవాలి. తొందరపడితే మెడ దగ్గర దొరికిపోతారు.

మూడో తోలు మీద రూపాయి బిళ్ళంత నీలినల్ల మచ్చ. ఇది ఇనుము చేసిన పని. చెక్క రసం తగిలిన తోలుకు తడి ఇనుము తాకితే చాలు, అక్కడ నల్లబడుతుంది, కడిగినా పోదు. తుప్పుపట్టిన బకెట్టో, బిగదీసి ఆరబెట్టేటప్పుడు కొట్టిన ఇనుప మేకో కారణమై ఉండాలి. చెక్క తొట్లు, సిమెంటు తొట్లు, ఇత్తడి మేకులు వాడితే ఈ బాధ ఉండదు. ఇదే గుణాన్ని పనికి తెచ్చుకుని ఇనుప తుక్కును బెల్లం నీళ్ళలో పులియబెట్టి నల్లరంగు వేస్తారు. అది కావాలని వేసేది కాబట్టి తోలంతా ఒకే తీరుగా పడుతుంది. ఈ మచ్చ అలాంటిది కాదు.

మందుల్లేని తోలు అన్న మాట దగ్గరికి వద్దాం. వెంట్రుక రాల్చడానికి సున్నంలో కొంచెం సోడియం సల్ఫైడ్ కలుపుతున్నారు. అడిగితే దాచకుండా చెప్పారు కూడా. వంద కిలోల తోలుకు సుమారు 10 కిలోల సున్నం, 2 నుంచి 3 కిలోల సల్ఫైడ్ చిక్కగా కలిపి కండ వైపు పూసి, కండవైపులు ఎదురెదురుగా ఉండేలా పేర్చి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి వెంట్రుక చేత్తో లాగితే ఊడుతుంది. వట్టి సున్నంతోనే ఈ పని జరగాలంటే వారం, పది రోజులు పడుతుంది. సల్ఫైడ్ వాడటం తప్పేమీ కాదు. ఆ నీళ్ళలో ఆమ్లం పడకుండా చూసుకోవాలి. పడితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే విషవాయువు లేస్తుంది, మూసి ఉన్న గదిలో అది ప్రాణాలు తీస్తుంది. కాబట్టి ‘క్రోమ్ (క్రోమియం లవణాలు) లేని తోలు’ అని రాస్తే సరిపోతుంది, అది వందకు వంద నిజం. చిన్న ముక్కను మరిగే నీళ్ళలో వేస్తే ఇది నిమిషంలో ముడుచుకుని గట్టిపడింది. క్రోమ్ తోలు అయితే మరుగునీళ్ళను తట్టుకునేది. కాల్చి చూసినా బూడిద తెల్లటి బూడిద రంగులోనే ఉంది, క్రోమ్ ఉంటే ఆకుపచ్చగా దిగేది.

సున్నం పోగొట్టడంలో ఈ లంద పద్ధతి మెచ్చుకోదగ్గది. పులియబెట్టిన తవుడు నీళ్ళలో నానబెట్టి, కండ మందంగా ఉన్నచోట కోసి అంచు మీద పసుపు నీళ్ళ చుక్క వేసి చూస్తున్నారు. చుక్క ఎర్రబడితే సున్నం ఇంకా ఉన్నట్టు, పసుపుగానే ఉంటే పోయినట్టు. సున్నం మిగిలిన తోలును చెక్క రసంలో వేస్తే ముఖం మీద నల్లటి మరకలు పడతాయి, ఆరాక పెళుసెక్కి మడతపెడితే చిట్లుతుంది. ప్రయోగశాల చుక్కమందు లేకపోయినా వంటింటి పసుపు ఈ పని బాగానే చేస్తుంది.

తర్వాత చెక్క. దంచిన తంగేడు చెక్క దాదాపు తోలు బరువుకు సమానంగా పడుతుంది. పది పన్నెండు రోజులు, మొదటి రెండు రోజులు పూటకోసారి తిరగేయాలి, లేకపోతే మడతపడ్డచోట రసం పట్టక చారలు వస్తాయి. చివర్లో కరక్కాయ నీళ్ళు ఎందుకంటే, వట్టి తంగేడుతో ఊనిన తోలు వెలుగు తగిలినకొద్దీ ఎర్రబడుతుంది. కరక్కాయ దాన్ని ఆపుతుంది. ఒకప్పుడు మద్రాసు నుంచి ఓడల్లో ‘ఈస్ట్ ఇండియా’ తోలు పేరుతో ఎగుమతైన సరుకు ఈ తంగేడు, కరక్కాయ జోడీతో తయారైందే. తర్వాత బయటినుంచి వచ్చిన వాటిల్ (ఒక తుమ్మ జాతి చెట్టు) చెక్క సారం తంగేడును పక్కకు నెట్టింది.

తంగేడు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేం. మేకలు పెద్దగా ముట్టవు కాబట్టి మన బీళ్ళలో, చెరువుకట్టల మీద అది ఇంకా మిగిలి ఉంది. రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో మొదటి పువ్వు. ఈ లందకు చెక్క తెచ్చేవాళ్ళు కొందరు నిలబడ్డ చెట్టుకే చుట్టూ చెక్క ఒలుస్తున్నారు. అలా చేస్తే పైకొమ్మంతా ఎండిపోతుంది. జానెడు మోడు వదిలి కొమ్మ నరికి, ఆ కొమ్మకు చెక్క ఒలిస్తే, మోడు మళ్ళీ చిగురు పెడుతుంది. వానలు పడ్డాక రసం ఎక్కి చెక్క సులువుగా ఊడుతుంది, నిజమే. కానీ బతుకమ్మ దాటేదాకా ఆగితే పువ్వూ దక్కుతుంది, విత్తనమూ కొంత రాలుతుంది. లంద యజమాని చెక్క కొనేటప్పుడే ఈ షరతు పెట్టాలి.

ఇంత జాగ్రత్త పడ్డా తోలు బాగోగులు సగం లందకు రాకముందే తేలిపోతాయి. ముందు కోతకత్తి దగ్గర. పొట్ట గీత, నాలుగు కాళ్ళ లోపలి గీతలు మాత్రమే కత్తితో చీల్చి, మిగతాదంతా పిడికిలితో ఒలవాలి. తొందరలో డొక్కల దగ్గర కత్తి మొన ఆడిస్తే కండ వైపు గాట్లు పడతాయి. పచ్చిగా ఉన్నప్పుడు కనిపించవు, ఊనాక బిగదీస్తే అక్కడే చిరుగు. చూసిన కట్టలో నాలుగింటికి డొక్కల దగ్గర ఇలాంటి గాట్లున్నాయి, వాటికి ధర తగ్గించే ఇచ్చారు.

తర్వాత ఉప్పు. ఎండాకాలం ఒలిచిన తోలుకు నాలుగైదు గంటల్లో ఉప్పు పడకపోతే కుళ్ళు మొదలవుతుంది. 2 కిలోల తోలుకు 1 కిలో దొడ్డుప్పు లెక్క. కండ వైపు అంచులదాకా, మెడ మడతల్లోకి కూడా రుద్ది, ఊట కారిపోయేలా వాలు నేల మీద నీడలో పరవాలి. చాలామంది ఉప్పు ఖర్చు మిగిలిందని ఎండలో పడేస్తారు. పైన కరకరలాడేలా ఎండుతుంది, లోపల తడి అలాగే ఉండి కుళ్ళుతుంది. సున్నంలో వేశాక పొక్కులు లేచినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు, అప్పటికి చేసేదేమీ ఉండదు. ఉప్పేసిన తోలు మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తే అది ఉప్పులోనే పెరిగే సూక్ష్మజీవి. పాత ఉప్పు మళ్ళీ మళ్ళీ వాడినచోట వస్తుంది.

రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతరలో, ఏటా సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గర, ఒక్కసారిగా తోళ్ళు కుప్పలు పడతాయి. అక్కడ దొరికేది మంచి తోలు, వానాకాలం మేసి కండపట్టిన మేకలది. కానీ కుప్ప నడిమి తోళ్ళు వేడెక్కి గంటల్లోనే పాడవుతాయి. ఈ లంద వాళ్ళు జాతరకు ఉప్పు బస్తాలతో సహా ముందే మనిషిని పంపితే ఏడాదికి సరిపడా మేలురకం తోలు దొరుకుతుంది. ఇప్పుడు మర్నాడు వెళ్ళి ఏరుకొస్తున్నారు. అది పెద్ద లోపం. ఇంకోటి, మన ఊళ్ళలో దావతుకు మేకను మంట మీద కాల్చి, పసుపు పూసి తోలుతోనే కోస్తారు. ఆ తోలు లందకు రాదు, రావాలని అడగటం కూడా సరికాదు, అది మన తిండి.

ఇక నాటు జాతి మాట. ఉస్మానాబాదీ మేక సొంత నేల మరాఠ్వాడా. ఆదిలాబాద్, నిజామాబాద్ అంచుల్లో దాని పోలికలు కనిపిస్తాయి. వరంగల్, జనగామ మెట్టల్లో మేసేవి చాలావరకు ఏ జాతిగానూ నమోదు కాని నాటు మేకలు. తుమ్మకాయ, రేగు కంప, పరికి తిని బతుకుతాయి, ఎండలో మైళ్ళు నడుస్తాయి, తరచూ కవలల్ని ఈనుతాయి. చిన్న ఒళ్ళు, పొట్టి వెంట్రుక. పొట్టి సన్న వెంట్రుక మేకకు తోలు ముఖం కూడా సన్నగా, బిగువుగా ఉంటుంది. బెంగాల్ నల్లమేక తోలుకు దేశదేశాల్లో పేరు రావడానికి కారణం ఇదే. ముళ్ళ గీతలు మాత్రం తప్పవు. పైనుంచి కిందికి సన్నటి పొడుగు గీతలు కనిపిస్తే అవి కంప గీరినవి, బలానికి లోటు లేదు. గుండ్రటి చిన్న గుంటలుంటే గోమార్లు పట్టినవో, బొబ్బరోగం మచ్చలో. ఆ గుంట దగ్గర తోలు పల్చబడి ఉంటుంది, పట్టీకి కోయకూడదు.

కట్టలో ప్రతి తోలూ నాటు మేకదే అన్నది నమ్మడం కష్టం. నాటు మేక తోలు మామూలుగా 4 నుంచి 5 చదరపు అడుగులు వస్తుంది. ఈ కట్టలో ఒకటి 7 అడుగులకు దగ్గర, రంధ్రాలు పెద్దవి, పొట్ట దగ్గర వదులు. ఉత్తరాది పొడవు మేకదో, దానితో దాటించిన (జత కట్టించిన) సంకరానిదో అయి ఉంటుంది. వెంట్రుక రాలాక ఏ తోలు ఏ మేకదో ఖాయంగా చెప్పడం ఎవరివల్లా కాదు. దానికి మార్గం ఒలిచినచోటే ఉంది. ఉప్పు వేసే ముందు వెనక కాలి మూలలో చిల్లుల గుర్తు కొడితే సున్నం, చెక్క, నూనె అన్నీ దాటుకుని చివరిదాకా నిలుస్తుంది. ఊరికో గుర్తు, మందకో గుర్తు. ఇది చేయకుండా ‘నాటు’ అని రాసి అమ్మడం కొనేవాళ్ళను నమ్మించడమే అవుతుంది, నిరూపించడం కాదు.

అంతకన్నా పెద్ద చిక్కు డబ్బు దారి. మేకల కాపరి మేకను ప్రాణంతో అమ్ముతాడు, కంటి అంచనాకో కాటా బరువుకో. తోలు కసాయి దగ్గర మిగులుతుంది. పచ్చితోలు ధర పడిపోయాక దాన్ని ఉప్పు ఖర్చు కూడా రాదని పారేసేవాళ్ళే ఎక్కువ. అంటే తోలు బాగున్నా బాగోలేకున్నా కాపరికి పైసా తేడా లేదు. గోమార్ల మందు వేసినందుకు, బొబ్బరోగం టీకా వేయించినందుకు తోలు వైపు నుంచి ఏమీ రాదు. ఈ లంద కసాయి దగ్గరే కొంటోంది. మచ్చలేని తోలుకు ఇచ్చే ఎక్కువ ధర అక్కడే ఆగిపోతోంది. చిల్లుల గుర్తు ఉంటే ఏ మంద తోలు మొదటి రకంలో పడిందో తెలుస్తుంది, ఆ మేలుధరలో వంతు కాపరికి చేర్చొచ్చు.

ఆ వంతు దేనికి పోవాలో కూడా చెప్పుకోవాలి. మన మందల్లో జరుగుతున్న నష్టం ఏమిటంటే, తొందరగా పెరిగిన మంచి పోతుపిల్లే బక్రీద్‌కో బోనాలకో జాతరకో ముందు అమ్ముడుపోతుంది. మిగిలిన బక్కపోతు మందను దాటుతుంది. నాలుగైదు ఈతలు ఇలా జరిగితే మంద ఒళ్ళు తగ్గిపోతుంది. అప్పుడు ‘నాటు మేక ఎదగదు’ అని పొడవు మేకపోతును తెచ్చి కలుపుతారు. 25 నుంచి 30 ఆడమేకలకు ఒక మంచి పోతు చాలు. దాన్ని రెండేళ్ళకోసారి పక్క ఊరి మందతో మార్చుకోవాలి, లేకపోతే తన కూతుళ్ళనే దాటుతుంది, పిల్లలు బక్కచిక్కి పుడతాయి. లంద మేలుధరలో వంతును కాపరికి నగదుగా కాక, ఎంచిన పోతును అమ్మకుండా రెండేళ్ళు నిలిపినందుకు పరిహారంగా ఇస్తే, అప్పుడు ఆ రెండో మాట నిజమవుతుంది.

2019 పశుగణనలో తెలంగాణలో గొర్రెలు 1.9 కోట్లు, మేకలు 49 లక్షలకు దగ్గర. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కింద పెంపకందారుల సంఘాల్లో ఒక్కో సభ్యుడికి 20 గొర్రెలు, 1 పొట్టేలు ఇచ్చారు, చాలావరకు పక్క రాష్ట్రాలవి. మేకకు అంత చూపు దక్కలేదు. జాతులను నమోదు చేసేది హర్యానా కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ. రంగు, కొలతలు, ఈతలు, మేసే ప్రాంతం రాసి పెట్టుకున్న మందలుంటేనే అక్కడిదాకా మాట వెళ్తుంది. చిల్లుల గుర్తుల పుస్తకం ఆ రాతకు మంచి మొదలవుతుంది.

నీళ్ళ విషయంలో కఠినంగానే చెప్పాలి. ఉప్పు తోలును దులపకుండా నేరుగా నానబెడుతున్నారు, ఆ నీళ్ళు పక్క కాలువలోకి పోతున్నాయి. సున్నం బురదను గుంటలో పేర్చి ఆరబెట్టొచ్చు, ఉప్పు నీటిని మాత్రం ఏ గుంటా శుభ్రం చేయలేదు. అది బావిలోకి దిగితే పొలం పాడవుతుంది. నానబెట్టేముందు తోలును చెక్క బల్ల మీద గట్టిగా దులిపితే వదులు ఉప్పు రాలిపోతుంది, నీళ్ళలో కలిసేది ఆ మేరకు తగ్గుతుంది. ఖర్చులేని పని, రేపే మొదలుపెట్టొచ్చు.

వాడకానికి వస్తే, చెప్పు అట్టకు ఇది చాలదు, దానికి బర్రెతోలే. పైపట్టీకి వీపు భాగం, తల నుంచి తోక దిశలో పొడుగ్గా కోయండి. అడ్డంగా కోస్తే నెలలో సాగుతుంది. సంచి భుజంపట్టీకి ఒంటి పొర వద్దు, రెండు పొరలు అతికించి అంచు వెంట కుట్టాలి. పొట్ట భాగం లోపలి అస్తరుకే. ఆరెతో దగ్గర దగ్గరగా పొడిస్తే తపాలా బిళ్ళలా చిరుగుతుంది, కుట్టుకు కుట్టుకు మధ్య 3 మిల్లీమీటర్లయినా వదలండి. వానాకాలం బూజు పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, నీళ్ళు కలిపిన వెనిగర్ అద్ది, ఆరాక చుక్క కానుగ నూనె. పాలిథిన్ సంచిలో కట్టిపెట్టకూడదు.

డప్పు కట్టేవాళ్ళు మాత్రం ఈ కట్ట కొనొద్దు. ఊనిన తోలు మోగదు. డప్పుకు వెంట్రుక తీసి బిగదీసి ఆరబెట్టిన పచ్చితోలే కావాలి. అది తేమ పీల్చి వదులవుతుంది కాబట్టే మంట దగ్గర కాచుకుంటారు. ఈ లందలో అడిగితే సున్నం తక్కువ పట్టించిన తోలు విడిగా ఇస్తారు, అది బాగుంది, వలయానికి చింతగింజల జిగురుతో చక్కగా పట్టింది.

కూలికి ఊనించుకునేవాళ్ళు తోలుకు తోలు లెక్క ఒప్పుకోకుండా, చదరపు అడుగు లెక్కే మాట్లాడుకోండి. తోలు మీద మీ గుర్తు చిల్లులు కొట్టి ఇవ్వండి, లేకపోతే వేరేవాళ్ళది మీకు రావచ్చు. కట్ట కొనేవాళ్ళు కార్తీకం నుంచి మాఘం లోపు కోసిన మేకల తోలు అడగండి. ఎండాకాలం మేత దొరక్క బక్కచిక్కిన మేక తోలు కాగితంలా వస్తుంది, వానాకాలం తోలు సరిగా ఆరక మచ్చపడుతుంది. ఫాల్గుణంలో లందలో చేతికొచ్చే కట్టలు ఆ లెక్కలో అన్నిటికన్నా మేలు.